మళ్లింపు దారి

పోయినవారం కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తుచేసుకుందాం. మిల్లు గేటు ముందు నిలబడి జీతాలడిగిన జనం మీద కాల్పులు జరిగాయి. ఎవరూ చావలేదని సర్కారు చెప్పింది. ఆ మాట నిజమో కాదో ఇంటింటికీ తిరిగి కనుక్కోబోయిన కుర్ర వకీలు ఒకరోజు కనబడకుండా పోయాడు. వాణ్ణి ఇంట్లో అందరూ రేడియో అంటారు, నిద్రలో తప్ప నోరు మూయడు గనక. అలాంటి మనిషి మా దగ్గర లేనేలేడని పోలీసులు చేతులెత్తేశారు. ఈలోగా ఇక్కడి బట్ట కొనే దేశాలు పట్టుబట్టాయి. ఆ కాల్పుల మీదా, ఆ వకీలు మీదా విచారణకి మా తరఫున మనుషులొస్తారు, జైలు చూపించండి, చూపించకపోతే ఒక్క మూర కూడా కొనం అన్నాయి. ఆ మనుషులు వచ్చారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, రేడియో కొండ వెనక పాత జైల్లో ఉన్నాడని వాడి వదినకి కబురు తెలిసింది. జైలుకి దుప్పట్లు ఉతికిచ్చే మనిషి కళ్ళారా చూసి చెప్పాడు. ఆ వదిన రోడ్ల శాఖలో ఇంజనీరు. కబురు తెలిసిన మర్నాడే ఆమెకి పైనుంచి ఆదేశం వచ్చింది. కొండ జైలు రోడ్డు మరమ్మతుకొచ్చింది, వెంటనే తవ్వించండి అని. జైలుకి ఉన్నది ఆ ఒక్క రోడ్డే. పోయిన వేసవిలో దాన్ని వేయించింది కూడా ఆమే.

తవ్విస్తుందా, తవ్వించదా?

తవ్వించింది.

చదివేవాళ్ళకి కోపం రావచ్చు. ఇంట్లోవాళ్ళకీ వచ్చింది. భర్త కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. అత్తగారు మాత్రం అనాల్సింది అనేసింది.

"మట్టి నువ్వే పోయించావు, నువ్వే తవ్వించావు. మధ్యలో నా కొడుకుని పూడ్చేశావు కదమ్మా."

దానికి జవాబు లేకపోలేదు. తాను కాదంటే ఇంకొకడు తవ్విస్తాడు, తన కుర్చీ పోతుంది, ఆ తర్వాత జైలు దరిదాపులకి పోయే వంక కూడా దొరకదు. ఇదంతా చెప్పాలనుకుంది. కానీ అందులో సగమే నిజమని ఆమెకి తెలుసు. మిగతా సగం భయం. ఆమె పుట్టింట్లో డిగ్రీ సంగతి అటుంచి, బడి గడప తొక్కిన మొదటి మనిషే ఆమె. చెప్పిన పని చెయ్యకపోతే ఏమవుతుందో ఆలోచించే అలవాటు కూడా ఆ ఇంట్లో ఎవరికీ లేదు. కాబట్టి అత్తగారి మాట విని, గిన్నెలు సర్దేసి, పొద్దున్నే పనిమీదకి వెళ్ళిపోయింది.

ఇక వచ్చినవాళ్ళ సంగతి. వాళ్ళకి పెద్ద ఒక ముసలావిడ, వాళ్ళ దేశంలో జడ్జిగా చేసి పదవి దిగిపోయిన మనిషి. మోకాళ్ళు సరిగా లేవు, చేతికర్ర ఉంటుంది. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. వచ్చిన మొదటిరోజు జైలు చూస్తానంటే, కొండ మీద మంచు పడుతోంది, దారి కనబడదు అన్నారు. అలాగే అంది. మర్నాడు జైల్లో విషజ్వరాలున్నాయన్నారు. డాక్టర్ని వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరుకి అనుమతి లేదన్నారు, అనుమతి తెప్పించేసరికి జ్వరాలు తగ్గిపోయాయి గానీ జైలంతా సున్నం కొడుతున్నారన్నారు. సున్నం ఆరాక జైలు పెద్ద సెలవులో ఉన్నాడు. సెలవులోంచి వచ్చాక సెలవురోజు వచ్చింది. ఇక్కడి భాషలో ఆవిడ నేర్చుకున్న మొదటి మాట 'రేపు'.

ఒక్కసారి కూడా ఎవరూ కుదరదు అనలేదు. అదే ఆశ్చర్యం. కాదన్నవాణ్ణి నిలదీయవచ్చు, రేపు అన్నవాణ్ణి ఏం చేస్తాం?

ఈ రేపులన్నీ కనిపెట్టే పని ఒక సర్కారు కార్యదర్శిది. ఇస్త్రీ చొక్కా, నిద్రలేని కళ్ళు, జేబులో ఎప్పుడూ తలనొప్పి మాత్రలు. అతన్ని తిట్టుకోవడం తేలికే గానీ అతనికి పైనుంచి వచ్చిన ఆజ్ఞ అలాంటిది. వద్దనకూడదు, చూపించకూడదు. ఈ రెంటి మధ్యలో మనిషన్నవాడు ఎన్నాళ్ళు నిలబడతాడు? కాల్చిన తూటాలు అమ్మిందీ ఆ దేశాలే, ఇప్పుడు లెక్కలడిగేదీ ఆ దేశాలే అని అతను కారు డ్రైవరు దగ్గర విసుక్కునేవాడట. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా తూటా ఎవరమ్మారన్నది వేరే సంగతి, ఎవరు కాల్చారన్నది వేరే సంగతి.

ముసలావిడకి ఈ దేశంలో ఉండే అనుమతి, ఇంజనీరు అలా పనిమీదకి వెళ్ళిన రోజు సాయంత్రంతోనే అయిపోతుంది. కొండకి వెళ్ళాలని పొద్దున్నే కార్లు తెప్పించుకుంటే, రోడ్డు తవ్వేసి ఉందన్నారు. ఆవిడ నమ్మలేదు. "తవ్విన రోడ్డే చూస్తాను, పదండి" అంది. కార్యదర్శి సంతోషంగా తీసుకొచ్చాడు. ఇన్నాళ్ళకి ఒక్క సాకైనా కంటికి కనబడేది దొరికింది కదా అని.

ఇంజనీరు అప్పటికే అక్కడుంది. కార్లు ఆగాయి. ముసలావిడ, ఆవిడ వెంట ఫొటోలు తీసే ఒక కుర్రామె, సర్కారు పంపిన దుభాషి ఒకావిడ దిగారు. రోడ్డుకి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గొయ్యి. కారు కాదు కదా, మేక కూడా దాటలేదు. అడుగున ఊట నీళ్ళు కూడా చేరాయి. కార్యదర్శి ఏదో వడ్డించినట్టు రెండు చేతులూ చాపి ఆ గొయ్యిని చూపించాడు. తప్పనిసరి పరిస్థితి అనీ, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ చెప్పాడు. దుభాషి అదంతా చింతిస్తూనే చెప్పింది.

ముసలావిడ గొయ్యి కేసి చూసింది. తర్వాత కర్ర పైకెత్తి పక్కకి చూపించింది.

"అదేమిటి?"

అక్కడ పసుపుపచ్చ బోర్డు, దానిమీద నల్లటి బాణం గుర్తు. ఆ బాణం చూపించిన వైపు, రోడ్డు దిగి, పొలం గట్టు పక్కగా వంపు తిరిగి, గొయ్యికి అవతల మళ్ళీ రోడ్డెక్కే దారి. మొరం పోసి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పిన దారి. అంచుల వెంట సున్నం కొట్టిన రాళ్ళు. దాని మొదట్లో పచ్చజెండా పట్టుకుని ఒకడు, చివర్లో ఎర్రజెండా పట్టుకుని ఇంకొకడు.

"మళ్లింపు దారండి" అన్నాడు రోడ్డు పని మేస్త్రీ, దుభాషి మాట వినగానే ముందుకొచ్చి. అడిగింది తననే అనుకున్నాడు.

రోడ్డు పనివాళ్ళకి ఒక అలవాటుంది. గొయ్యి తవ్వే ముందు పక్కన దారి వెయ్యాలి. ఎప్పుడో ఎక్కడో చెప్పకుండా తవ్విన గోతిలో బస్సు పడిందట, అప్పటినుంచీ పనిలో చేరిన ప్రతివాడికీ మొదటిరోజు తిట్లతో సహా నేర్పే పాఠం ఇదే. మంగలి మెడకి గుడ్డ కట్టకుండా కత్తెర పట్టుకోడు కదా, ఇదీ అంతే. ఎవరూ ఆజ్ఞ ఇవ్వక్కర్లేదు. తవ్వకం మొదలుపెట్టే ముందు "ఎప్పట్లాగే కదా మేడం?" అన్నాడు మేస్త్రీ. "ఎప్పట్లాగే" అంది ఆమె, తలెత్తకుండా. ఆ మాట అన్నప్పుడు తన మనసులో ఏముందో ఇప్పుడు ఎంత తవ్వుకున్నా ఆమెకి అంతు దొరకలేదు. అలవాటే అన్నదా? లేక అలవాటు చాటున ఇంకేదైనా ఉందా?

కార్యదర్శి ఆమెనీ మేస్త్రీనీ గొయ్యి తవ్విన ప్రొక్లెయిన్ యంత్రం వెనక్కి లాక్కెళ్ళాడు.

"తవ్వమన్నాను. దారి వెయ్యమన్నానా?"

"వద్దని కూడా అనలేదు కదా సార్" అన్నాడు మేస్త్రీ.

"అసలు రోడ్డు ఎందుకు తవ్వారో తెలుసా నీకు?"

"బాగుచెయ్యడానికి సార్." మేస్త్రీకి నిజంగానే అర్థం కాలేదు. "ఇంకెందుకు తవ్వుతారు?"

కార్యదర్శి కళ్ళు మూసుకుని కణతలు నొక్కుకున్నాడు. ఇలాంటి సర్కారులో ఒక్క చెడ్డపని కూడా సవ్యంగా చెయ్యలేం అనుకున్నాడో ఏమో. మేస్త్రీని పొమ్మని, మాత్ర ఒకటి నీళ్ళు లేకుండా మింగి, ముసలావిడ దగ్గరికి తిరిగొచ్చాడు. ఈ దారి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వేసిందని, కార్లు మోయదని, అతిథుల ప్రాణాలు తమకి ముఖ్యమని చెప్పాడు.

ఎవరన్నారు మోయదని, అని అడిగింది ఆవిడ.

"మా ఇంజనీరుగారు."

"అయితే ఆమె నోటితోనే వింటాను" అంది ఆవిడ దుభాషి ద్వారా. "మోయదని ఇంజనీరు చెబితే నేను వాదించను. సాయంత్రం విమానం ఎక్కేస్తాను. సర్కారు అడ్డుపడలేదు, రోడ్డు అడ్డుపడింది అని మావాళ్ళకి చెప్తాను."

అంటే ఒక్క మాటతో అన్నీ తీరిపోతాయి. బట్ట అమ్ముడుపోతుంది, సర్కారు గట్టెక్కుతుంది, కార్యదర్శి ఇంటికెళ్ళి నిద్రపోతాడు. కొండ వెనక ఉన్నవాడు అక్కడే ఉండిపోతాడు.

కార్యదర్శి ఆమె చెవి దగ్గరికొచ్చి బతిమాలుతున్నట్టే అన్నాడు. "మోయదు అనండి చాలు. అబద్ధమాడినట్టు కూడా కాదమ్మా. మీ ఇంజనీర్లు దేన్నైనా మోయదనే అంటారు, మాకు అలవాటే."

ఆమె దారి కేసి చూసింది. నిన్న మధ్యాహ్నం కంకర లారీ దానిమీద నుంచే వెళ్ళింది, ఆమె ఎదురుగానే. మురుగు కాలవ దగ్గర సిమెంటు గొట్టాలు దింపేటప్పుడు ఆమె దగ్గరుండి, ఒక గొట్టం సరిగా కూర్చోలేదని తీయించి మళ్ళీ వేయించింది. మేస్త్రీ గొణుక్కున్నాడు కూడా, నాలుగు రోజుల ముచ్చటకి ఇంత చాదస్తం ఏమిటని. ఇప్పుడు దాన్ని పట్టుకుని మోయదు అనాలి. అత్తగారి మాట పడింది, భర్త కోపం పడింది, వేసిన రోడ్డు తవ్వించింది. ఇన్ని చేశాక ఇదేం పెద్దది? కానీ ఎందుకో ఇక్కడ ఆమెకి ఒళ్ళు మండింది. చెయ్యమన్నది చేశాను, చేసినదాన్ని చెయ్యలేదు అనమంటారేమిటి అనిపించింది.

దుభాషి ప్రశ్న పూర్తిచెయ్యక ముందే అంది.

"మోస్తుంది."

అక్కడితో ఆగితే ఆమె ఆమె కాదు. ఒక్కొక్క బండే వెళ్ళాలి, వంపు దగ్గర నెమ్మదిగా తిప్పాలి, వాన పడితే మాత్రం నా పూచీ లేదు అని కూడా చెప్పింది. దుభాషి అదంతా పొల్లుపోకుండా చెప్పింది. ముసలావిడ మొదటిసారి నవ్వి, తన కారు వెనక తలుపు తెరిచి ఇంజనీరుని ఎక్కమంది. నువ్వు ఎక్కే దారైతే నేనూ ఎక్కుతాను అన్నట్టు.

కార్యదర్శి అరుస్తాడనుకుంది ఆమె. అరవలేదు. ముందు సీట్లో కూర్చుని ఎవరికో ఫోన్ చేసి, "వస్తున్నాం, రెండోది సిద్ధం చెయ్యండి" అని పెట్టేశాడు. కిటికీలోంచి మేస్త్రీ పచ్చజెండా తనే అందుకుని ఊపుతూ కనబడ్డాడు, పెళ్ళివారిని సాగనంపుతున్నంత సంబరంగా. దారి మోసింది. ఎక్కడా కుదుపు కూడా లేదు.

రెండోది ఏమిటో కొండ దిగాక తెలిసింది.

జైలు గేటు ముందు పూలకుండీలు పెట్టారు. లోపల కొత్త సున్నం వాసన. జైలు అధికారి నవ్వుతూ ఎదురొచ్చి తన గదిలోకి తీసుకెళ్ళాడు. ఆ గదికి రెండు తలుపులున్నాయి. ఒకటి వాళ్ళు వచ్చినది, ఇంకోటి లోపలి వసారాలోకి తీసి ఉన్నది. ఆ వసారాకి ఒక పక్కంతా ఇనుప తలుపులు వరసగా ఉన్నాయి. ముసలావిడ కుర్చీలో కూర్చోకుండానే రేడియో అసలు పేరు చెప్పి, ఆ మనిషి ఇక్కడున్నాడా అని అడిగింది.

"ఉన్నారు కదండీ" అన్నాడు అధికారి.

ఇంజనీరు తలెత్తి అతని కేసి చూసింది. నిన్నటిదాకా లేనివాడు ఈరోజు ఇంత తేలిగ్గా ఎలా ఉన్నాడు? రికార్డులో పేరు తప్పు పడిందని, మానవమాత్రులం కదా అని అధికారి నొచ్చుకుంటూ చెప్పి, ఒక జవానుని పంపించాడు. ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ఆఫీసులో ఎవరికీ రేడియో తన మరిదని తెలియదు. ఇన్నాళ్ళూ ఎంతో జాగ్రత్తగా దాచుకుంది. వాడు రాగానే తన ముఖంలో ఏదీ కనబడకూడదు. వాడు కూడా తనని చూసి నోరు జారకూడదు. ఆ రెండోది ఎలా సాధ్యమని దేవుణ్ణి అడిగింది.

వసారాలో అడుగులు వినబడ్డాయి. మనిషి లోపలికి వచ్చాడు.

వాడు కాదు.

వయసు అంతే, ఎత్తూ అంతే. రేడియో పెట్టుకునేలాంటి కళ్ళజోడే పెట్టారు. ఉతికిన చొక్కా వేశారు. కానీ ఎవరో అబ్బాయి. ముసలావిడ పేరడిగింది. పద్యం అప్పజెప్పినట్టు రేడియో పేరు, రేడియో తండ్రి పేరు, రేడియో చదువు, అన్నీ వరసగా చెప్పాడు. ఎలా చూస్తున్నారంటే బాగా చూస్తున్నారన్నాడు. ఎవరైనా కొట్టారా అంటే లేదన్నాడు. వెంట వచ్చిన కుర్రామె ఫొటో తీసుకుంది. ముసలావిడ భుజాలు కాస్త దిగాయి. ఇన్ని రోజుల రేపుల తర్వాత మనిషి బతికే ఉన్నాడు, కళ్ళ ముందు ఉన్నాడు. ఎవరికైనా అలాగే ఉంటుంది.

అప్పుడు ఆ అబ్బాయి గోడ వైపు తిరిగాడు.

"వదినా, బాగున్నావా? అన్నయ్యెలా ఉన్నాడు?"

గదిలో అందరూ ఆమె కేసి చూశారు.

కార్యదర్శి చాలా మర్యాదగా ముసలావిడకి వివరించాడు. ఇది కుటుంబ విషయం గనక మేం బయటపెట్టదలుచుకోలేదు, కానీ ఈ ఇంజనీరుగారు ఈ అబ్బాయికి స్వయానా వదిన, ఇంట్లో మనిషే గుర్తుపట్టాక ఇక మా మాట నమ్మక్కర్లేదు అన్నాడు. దుభాషి ఆ ముక్కలు చెబుతుండగా అతను ఇంజనీరు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"రోడ్డు పని మీకే ఎందుకు పడిందనుకున్నారు? మొదటి అడ్డు గొయ్యి, రెండో అడ్డు మీరు. ఇప్పుడు అవునంటే, వీళ్ళు వెళ్ళిపోయాక మీవాడు మెల్లగా ఇంటికొస్తాడు. నా మాట నమ్మండి. కాదన్నారనుకోండి, రికార్డు ప్రకారం మీవాడు వీడే. ఇంకొకడు లోపల ఉన్నాడని ఎవరూ ఒప్పుకోరు. ఎప్పటికీ."

ముసలావిడ కర్ర మీద రెండు చేతులూ ఆన్చి ఆమె ముందుకొచ్చింది. నెమ్మదిగా మాట్లాడింది. దుభాషి అంతకంటే నెమ్మదిగా చెప్పింది.

"ఇందాక నీ ఉద్యోగం పోతుందని తెలిసీ నువ్వు నిజం చెప్పావు. అందుకే ఇప్పుడు కూడా నీ మాటే తీసుకుంటాను. ఇతను నీ మరిదేనా?"

ఒక్క మాట. పొద్దున్నుంచీ అందరికీ ఆమె దగ్గర కావలసింది ఒక్క మాటే. కార్యదర్శికి ఒక్క మాట, ఈవిడకి ఒక్క మాట. ఇంట్లో అత్తగారు కూడా గుమ్మం దగ్గర ఒక్క మాట కోసమే కూర్చుని ఉంటుంది. దేశాలన్నీ ఒకదాన్నొకటి బెదిరించుకుని, విమానాలెక్కి వచ్చి, చివరికి ఈ బరువంతా తెచ్చి తన నాలుక మీద పెడతారేమిటి? అవునంటే అబద్ధం, కాదంటే మరిది ప్రాణం. ఇంత చదువుకున్నవాళ్ళకి అడగడానికి ఇంకో ప్రశ్నే దొరకలేదా?

విసుగులో ఆమె ఆ అబ్బాయి కేసి చూసింది. చొక్కా ఇస్త్రీ చేశారు గానీ కాళ్ళకి చెప్పులు దొరకలేదు కాబోలు. ఒక మడమ వాచి నల్లబడి ఉంది. కళ్ళజోడు వాడిది కాదు, అద్దాల వెనక కళ్ళు చికిలించుకుంటున్నాడు. పేరు, తండ్రి పేరు, చదువు అన్నీ బట్టీపట్టినవే. అలా పిలవమని కూడా నేర్పే ఉంటారు, కానీ ఆ 'వదినా' అన్న తీరు మాత్రం బట్టీపట్టింది కాదు. నేర్పిస్తే వచ్చేది కాదది. ఎక్కడో ఈ అబ్బాయికీ ఒక వదిన ఉంది. ఆవిడ కూడా ఏదో పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని, అలాంటి మనిషి మా దగ్గర లేడు అనిపించుకుని వచ్చి ఉంటుంది.

ఆమె అవుననలేదు, కాదనలేదు. కుర్చీ ఒకటి లాగి అతని ముందు పెట్టింది.

"ముందు కూర్చో నాన్నా. ఆ కాలి మీద ఎంతసేపు నిలబడతావు?"

అతను కూర్చున్నాడు.

"మీ ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు?"

అడిగింది అది కాదు కదా అన్నాడు కార్యదర్శి. ముసలావిడ అతని వైపు చూడకుండానే కర్ర ఎత్తి ఆపమంది. అబ్బాయి అధికారి కేసి చూశాడు, తర్వాత తన కాళ్ళ కేసి చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. ముందు ఇంట్లో పిలిచే పేరు, ఆ తర్వాత అసలు పేరు, ఆ తర్వాత వాళ్ళ ఊరు. ఇందాక అప్పజెప్పిన గొంతు కాదిది. బళ్ళో హాజరు పలికినట్టు, బయటికి వినబడేలా చెప్పాడు.

"ఏమన్నాడు?" అంది ముసలావిడ.

దుభాషి నోరు తెరిచి, కార్యదర్శి ముఖం చూసి, మూసేసింది. పిల్లలున్న మనిషి, ఆమెనేమీ అనలేం. ఇంజనీరుకి ఆ భాష చదవడం వచ్చు గానీ మాట్లాడాలంటే నాలుక మడతపడుతుంది. ఈసారి మడతపడినా ఆపలేదు. ఇతను తన పేరు తాను చెప్పాడు, అది మా మరిది పేరు కాదు అని, వచ్చినట్టు చెప్పేసింది.

అధికారి వసారా తలుపు వెయ్యడానికి లేచాడు. ఆలస్యమైపోయింది. ఈ గదికి దగ్గరగా ఉన్న ఇనుప తలుపు వెనకనుంచి ఎవరో తన పేరు చెప్పారు. ఆ పక్క తలుపు వెనక ఇంకొకరు. జవాన్లు లాఠీలతో తలుపుల మీద కొట్టారు. కొట్టిన తలుపు వెనకనుంచి పేరు ఇంకా గట్టిగా వచ్చింది. పేరు, ఊరు. పేరు, ఊరు. ఒక ముసలి గొంతు, ఒక బొంగురు గొంతు, గొంతు ఇంకా సరిగా మారని ఒక పిల్లాడు. ఎవరో నడుచుకుంటూ వెళుతున్నట్టు ఆ వరస వసారా పొడుగునా దూరంగా సాగిపోయింది. ముసలావిడ వెంట ఉన్న కుర్రామె కెమెరా వదిలేసి, చెయ్యి చాపి ఫోను పట్టుకుని ఆ గొంతులన్నీ రికార్డు చేస్తోంది.

ఇంజనీరు ఒక్కొక్క గొంతూ వింటోంది. రేడియో ఎక్కడున్నా ఈపాటికి పలకాలి. చావింట్లో కూడా నోరు ఆపుకోలేక అత్తగారి చేత మొట్టికాయలు తిన్నవాడు. అందరూ పలుకుతుంటే వాడు ఊరుకుంటాడా? పేరు, ఊరుతో ఆగుతాడా, జిల్లా చరిత్రంతా చెప్పడూ?

మధ్యలో ఒక తలుపు పలకలేదు. దాని ముందు తలుపు పలికింది, దాని తర్వాత తలుపు కాసేపు ఆగి, ఎదురుచూసి, పలికింది.

ముసలావిడ కూడా అది గమనించింది. ఏమీ అనకుండా వసారాలోకి నడిచింది, కర్ర టకటకలాడించుకుంటూ, తిన్నగా ఆ తలుపు దగ్గరికి. తెరవమంది. తాళంచెవి జైలు లోపల లేదన్నాడు అధికారి. ఎప్పుడొస్తుంది అంటే, అతను నోరు తెరిచి మళ్ళీ రేపు అనబోయి ఆగిపోయాడు. ఆవిడ తల ఊపి, కర్ర గోడకి ఆనించి, ఆ పాడు మోకాళ్ళు ఒక్కొక్కటే మడిచి, ఎవరో పట్టుకోబోతే వద్దని, గచ్చు మీద కూర్చుంది. తాళంచెవి వచ్చేదాకా ఇక్కడే ఉంటానంది. విమానం సంగతి ఏమిటని కార్యదర్శి అడిగాడు. దానికి ఆవిడ ఇక్కడి భాషలో తను నేర్చుకున్న మొదటి మాటే జవాబుగా చెప్పింది, దుభాషి చెప్పక్కర్లేకపోయింది.

ఇంజనీరు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు కింది సందుకి చెవి ఆన్చింది. వెనక జవాన్ల లాఠీల చప్పుడూ, పక్క గదుల్లోని గొంతులూ అన్నీ ఆగిపోయాయి.

లోపల ఊపిరి వినబడుతోంది. ఒకరిది కాదు, ఇద్దరిది. ఒకటి నిలకడగా ఆడుతోంది. రెండోది, ఎవరో నోటికి చెయ్యి అడ్డుపెట్టి నొక్కుతున్నట్టు, ముక్కుతో కష్టంగా లాగుతోంది. నోరు నొక్కితే తప్ప ఊరుకోని మనిషి ఆమెకి తెలిసి ఒక్కడే.